అరవై ఒక్క డిగ్రీల చలికాలం

ఓడ్వార్ శవం స్కీ బాట పక్కన మంచులో దొరికింది. మెడ వెనక సూది గుర్తు తప్ప మరే గాయమూ లేదు. ఓస్లో శివార్లలో, పైలట్లకి నకిలీ కాక్‌పిట్‌లో శిక్షణనిచ్చే ఫ్లైట్ సిమ్యులేటర్ కేంద్రంలో అతను ఇంజనీరు. చనిపోయే ముందు రహస్య విభాగానికి ఫోన్ చేసి ఒక్క మాటే చెప్పాడు: "మా సిమ్యులేటర్ మరీ బాగా ఎగురుతోంది."

ఏజెంట్ హాల్వార్‌ని పిలిచింది అతని పై అధికారి తూరున్.

"అక్కడ ఇన్‌స్ట్రక్టర్ సిగ్రూన్. విదేశీ ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకి పనిచేస్తోంది. నీకు తెలిసిన మనిషేగా."

తెలుసు. రెండేళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు.

"ఈమధ్య ఎవరికి శిక్షణ ఇచ్చింది?"

"ష్యూర్‌కి. రేపు శాంతి చర్చల ప్రతినిధుల్ని తీసుకెళ్లే కెప్టెన్."

సిగ్రూన్ తనని వదిలి వెళ్లింది ఆ ష్యూర్ కోసమే. "అయితే ద్రోహి వాడే," అన్నాడు హాల్వార్.

"ఆధారం?"

"వాడి సంగతి నాకు తెలుసు."

"నీ కడుపుమంట ఆధారం కాదు, బాబూ." తూరున్ ఒక చొక్కా ముందుకి తోసింది. "బొత్తాంలో మైకు, నొక్కితేనే నాకు వినిపిస్తుంది. చెవిలో ఈ గింజంత స్పీకరు పెట్టుకో. సిగ్రూన్‌కి తప్ప అందరికీ నువ్వు ట్రైనీ పైలట్‌వి. నేను విమానం బయల్దేరే చోట టవర్‌లో ఉంటా. 'వాఫిల్ మాడిపోయింది' అన్నావంటే అన్నీ ఆపిస్తా."

మర్నాడు ఉదయం హాల్వార్ సిమ్యులేటర్‌లో కూర్చున్నాడు. సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. పొడుగు కాళ్లవాడు కూర్చుని లేచిన సీటు. దాన్ని ముందుకి లాక్కుంటుంటే అవమానంగా తోచింది. సిగ్రూన్ అతని వెనక నిలబడింది. అదే పరిమళం.

"వాడికి నేర్పిన పాఠమే నాకూ నేర్పు," అన్నాడు.

"ఏంటి, పోటీయా?"

"అవును."

ఆమె నవ్వింది. "ఇన్నాళ్లకి ఒక నిజం చెప్పావు. సరే. అయినా నువ్వు గేజీలెక్కడ చూస్తావులే, నన్ను చూడ్డమే సరిపోతుంది."

ఆ మాట గుచ్చుకోవడం వల్లే అతను గేజీలు చూశాడు. ష్యూర్ చూసిన ప్రతి అంకెనీ, ఆమె వాడితో అన్న ప్రతి మాటనీ తనూ పొందాలి. అసూయ తన చేత ఎప్పుడూ ఇదే చేయించేది: ఆమె లేని గదుల్లో కూడా ఆమెని వెతికించేది.

తెర మీద మంచు కురిసే రన్‌వే. బయట మైనస్ నాలుగు. గాలి వేడి చూపే గేజీ మాత్రం అరవై ఒక్క డిగ్రీలు చూపిస్తోంది.

"ప్రోబ్ పాడైంది," అన్నాడు.

"పట్టించుకోకు. ఇంజిన్ లివర్లు మామూలుగా తోసెయ్. ష్యూర్ ఇంత భయపడలేదు."

తోశాడు. విమానం హాయిగా లేచింది.

లేవకూడదు. హాల్వార్ ఒకప్పుడు వైమానిక దళంలో పైలట్. విమానం ముక్కు పక్కనుండే ఆ చిన్న ప్రోబ్ గాలి వేడిని కొలిచి కంప్యూటర్‌కి చెబుతుంది. గాలి మరీ వేడిగా ఉందంటే ఇంజిన్ దెబ్బతినకుండా కంప్యూటర్ థ్రస్ట్‌ని, అంటే ఇంజిన్ తోసే బలాన్ని, తగ్గిస్తుంది. అరవై ఒకటి చూపిస్తూ ఇంత బలంగా లేచిందంటే, సిమ్యులేటర్ చేత ఎవరో అబద్ధం చెప్పిస్తున్నారు. ఓడ్వార్ కనిపెట్టింది ఇదే. పాడైన ప్రోబ్‌ని లెక్కచేయకపోవడం ష్యూర్ చేతులకి అలవాటు చేశారు. నిజమైన విమానంలో ప్రోబ్‌ని కూడా పాడుచేస్తే, థ్రస్ట్ చాలదు. ష్యూర్ బయల్దేరే ఆ పొట్టి రన్‌వే చివర సముద్రం.

"ద్రోహి వాడు కాదు, నువ్వన్నమాట," అన్నాడు నెమ్మదిగా.

చెవి వెనక పిస్తోలు చల్లగా తగిలింది. "అర్థం చేసుకోవడంలో నువ్వెప్పుడూ లేటే. ఈపాటికి బయల్దేరి ఉంటాడు."

హాల్వార్ తెర మీది విమానాన్ని మళ్లీ రన్‌వే మీద పడేసి బ్రేకులు బలంగా తొక్కాడు. హైడ్రాలిక్ కాళ్ల మీద నిలిచిన సిమ్యులేటర్ గది మొత్తం ముందుకి వాలింది. సీటు బెల్టు లేని సిగ్రూన్ ప్యానెల్ మీద పడింది. పిస్తోలు అతని చేతికొచ్చింది.

ఇక రెండు మాటలంటే చాలు. వేలు బొత్తాం మీదే ఆగింది. చెప్పకపోతే వాడు ఉండడు. ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన ఎంత మామూలుగా వచ్చిందో చూసి తనంటే తనకే వెగటు పుట్టింది. బొత్తాం నొక్కాడు.

"వాఫిల్ మాడిపోయింది! తూరున్, విమానం ఆపు!"

"పరుగు మొదలైంది!" చెవిలో తూరున్ గొంతు. తర్వాత ఆమె ఎవరి మీదో అరిచిన అరుపు. నిశ్శబ్దం.

"ఆగింది. ముక్కు రన్‌వే దాటింది, చక్రాలు మాత్రం రన్‌వే మీదే ఉన్నాయి. గేజీ అరవై ఒకటి. పట్టించుకోవద్దని సిగ్రూన్ చెప్పిందట."

పోలీసులొచ్చి బేడీలు వేస్తుంటే సిగ్రూన్ మొదటిసారి తల ఎత్తింది.

"ష్యూర్ బతికాడా?"

"బతికాడు."

ఆమె కళ్లు మూసుకుంది. అది నిరాశో, ఊరటో అతనికి తెలియలేదు. తెలిసిందల్లా ఒకటే: చంపడానికి కూడా ఆమె వాణ్ణే ఎంచుకుంది.