తుఫాను కన్ను, మెర్లిన్ లిప్‌స్టిక్

"సాల్మన్, ఇది విను."

నిఘా విభాగం చీఫ్ దేవకుమార్ బటన్ నొక్కాడు. చోడవరం గెస్ట్‌హౌస్‌లోని కంట్రోల్ రూమ్‌లో టేపు తిరిగింది. టేపులో శివాజీ గొంతు. విదేశీ ముఠాకి అమ్ముడుపోయిన లోకల్ మనిషి వాడు.

"అసలు ఫోటో గుంట దగ్గరే ఉంది. రోలుగుంటలో కలుద్దాం."

చీఫ్ స్క్రీన్ వైపు వేలు చూపాడు. "మన ఉపగ్రహం తీసిన తుఫాను ఫోటోని ముఠా మార్చేసిందని నా అనుమానం. ఇందులో తుఫాను ఒడిశాకి మళ్ళింది. ఇదే నమ్మితే, దేవరాపల్లి పల్లపు ఊళ్ళ జనాన్ని తరలించడానికి వచ్చిన బస్సులు ఒంటిగంటకి వెనక్కి వెళ్ళిపోతాయి. మన ఉపగ్రహం అబద్ధాలకోరని చాటి వాళ్ళ ఉపగ్రహాన్ని అమ్ముకోవాలని ముఠా ఎత్తు. పన్నెండు వందల మంది చస్తే వాళ్ళకేం? అసలు ఫోటో కావాలి."

"గుంట అంటే గొయ్యి," అంది ఫోటోల నిపుణురాలు మెర్లిన్, నల్ల కళ్ళద్దాలు సవరించుకుంటూ. "రోలుగుంటలో పాతిపెట్టారు. తవ్వించండి."

సాల్మన్ నోరు తెరిచాడు. మూసేశాడు.

గుంట అంటే ఆడపిల్ల. చోడవరంలో పుట్టినవాడికి ఆ మాత్రం తెలియదా? కానీ ఢిల్లీ ట్రైనింగ్‌లో ఓసారి ఆ మాట నోరుజారితే బ్యాచ్ బ్యాచంతా పడీపడీ నవ్వింది. ఆ రోజు నుంచి సొంతూరు విజయవాడ అని చెప్పుకు తిరుగుతున్నాడు. ఏ పిల్లో ఏమిటో, గొయ్యే అయ్యుండొచ్చులే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

రోలుగుంటలో సాల్మన్‌ది బెల్లం వ్యాపారి వేషం. చేతికర్రలో మెటల్ డిటెక్టర్. కర్ర కూసిన చోటల్లా గొయ్యి. రెండు గంటల్లో దొరికింది ఒక విరిగిన గునపం, రెండు లాడాలు.

"ఏటి బాబూ, బెల్లం కొంటానని గోతులు తవ్విస్తన్నావు?" అన్నాడు కూలికొచ్చిన బంగార్రాజు.

"ఫోటో గుంట దగ్గరుందన్నారు..."

"గుంట దగ్గరుంటే గుంటనడగాల! నేలనడుగుతావేటి? ఏ దేశపోడివి నువ్వు?" పకపకా నవ్వాడు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "బేగి తేల్చు బాబూ, నేనెల్లాల. మా అమ్మ దేవరాపల్లి పల్లంలో ఉండిపోయింది. బస్సులెల్లిపోతాయంట."

సాల్మన్ చెవులు కాలిపోయాయి. వాచీలోని రేడియో నొక్కబోయి ఆగాడు. అవతల హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నది మెర్లిన్. గోతులు తవ్వమన్నదీ మెర్లినే.

గుంట!

జీపు ఎక్కాడు. గాలి పక్కకి తోసేస్తోంది. పన్నెండూ యాభై ఆరుకి కంట్రోల్ రూమ్ తలుపు తన్నాడు.

"సార్, గుంట అంటే ఆడపిల్ల. మాది చోడవరమే. నాకు పొద్దున్నే తెలుసు. సిగ్గుపడి చెప్పలేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మెర్లిన్ హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. పొగలు కక్కే టీ గ్లాసులోకి జారవిడిచింది. సాల్మన్ టీలోకి వేళ్ళు దూర్చి లాగాడు. వేళ్ళు బొబ్బలెక్కాయి. మూత తీస్తే లోపల పెన్‌డ్రైవ్, పొడిగానే ఉంది.

"ఇంకో నాలుగు నిమిషాలు సిగ్గుపడాల్సింది, విజయవాడ బాబూ," అంది మెర్లిన్, బేడీలకి చేతులు చాపుతూ.

స్క్రీన్ మీద అసలు ఫోటో తెరుచుకుంది. అంతరిక్షం నుంచి చూస్తే బంగాళాఖాతం నిండా తెల్లటి సుడి. నడిమధ్య నల్లటి కన్ను. ఒడిశా వైపు కాదు, సూటిగా వీళ్ళ వైపే చూస్తోంది.

"బస్సులు ఆపండి!" చీఫ్ ఫోన్లో అరిచాడు. పన్నెండూ యాభై తొమ్మిది.

మనుషులందరూ బతికారు. సాయంత్రం చోడవరం స్కూల్లో తడిసి ముద్దయి కూర్చున్న బంగార్రాజు తల్లి అచ్చియ్యమ్మకి సాల్మన్ దుప్పటి అందించాడు.

"రెండు గంటల ముందు సెప్పుంటే గేదెని విప్పుకుందును బాబూ," అందామె. "కట్టుకొయ్యకే ఉండిపోనాది. ఏటి, అంత ఆలీసమైపోయింది?"

ఫోటో దొరకలేదమ్మా అనబోయాడు. తల వంచుకున్నాడు.

వారం తిరక్కుండా సాల్మన్ పేరు శౌర్య పతకానికి వెళ్ళింది. నాలుగు పేజీల ఫారం. ఎత్తు, బరువు, బ్లడ్ గ్రూప్, చూపిన తెగువ, అన్నీ అడిగారు. ఆలస్యానికి కారణం రాయడానికి మాత్రం గడి లేదు.