వాడ మాట్లాడని ఇల్లు

దేవవ్వ పొయ్యి మీద చాయ్ మరిగిస్తోంది. ఇంటి వెనక షెడ్డులో మరమగ్గాలు అప్పుడే మొదలయ్యాయి. ఆమె భర్త లింగమూర్తి అరుగు మీద కూర్చుని, పళ్ళు తోముకున్న వేపపుల్లను ఇంకా నములుతూనే ఉన్నాడు. ఆయనకు కోపంగా ఉంటే పుల్ల పీచు పీచయ్యేదాకా వదలడు.

"బాపూ, రేపు జిల్లా ఆఫీసోళ్ళు ఇల్లు చూడనీకి వస్తున్నరు" అంది కూతురు కావ్య.

"ఏ ఇల్లు?"

"గల్లీ చివర్ల అమ్మమ్మ ఇల్లు."

పుల్ల వాకిట్లోకి విసురుగా వెళ్ళి పడింది.

కావ్యది దిక్కులేని ఆడపిల్లలను చేరదీసే సంస్థలో ఉద్యోగం. తాగొచ్చి కొట్టే తండ్రుల నుంచి పారిపోయినవాళ్ళు, బస్టాండులో దొంగతనం చేస్తూ దొరికినవాళ్ళు, మనిషి దగ్గరికొస్తే రక్కేవాళ్ళు, అలాంటి కొందరు పిల్లలకు హుస్నాబాద్‌లో ఒక ఇల్లు కావాలి. రెండు నెలలుగా వెతుకుతున్నారు. బస్టాండు దగ్గరివాళ్ళు మార్కెట్ యార్డు వెనక పెట్టమన్నారు. యార్డు వెనకవాళ్ళు చెరువు అవతలైతే గాలి బాగుంటుందన్నారు. చెరువు అవతలివాళ్ళు బస్టాండు దగ్గరైతే పిల్లలకు సౌకర్యం అన్నారు. అందరికీ ఆ పిల్లల మీద జాలే. కాకపోతే ఎవరి జాలి వాళ్ళ గల్లీ మొదట్లోనే ఆగిపోయింది.

వీళ్ళుండే మార్కండేయ వాడ ఇంకో అడుగు ముందుకేసింది. లింగమూర్తి ఆ వాడ కమిటీ అధ్యక్షుడు.

"రాత్రి మీటింగుల ఏం తీర్మానమైందో ఎర్కేనా నీకు?" అన్నాడు కూతురితో. "గా పిల్లలకు ఇల్లిచ్చినోళ్ళతోని మాటబంద్. నిప్పు బంద్, నీళ్ళు బంద్. మాట్లాడినోళ్ళకు ఐదువేల జుర్మానా. చెప్పింది ఎవ్వలో కాదు, నేనే."

"గంత తప్పేం చేసిన్రు బాపూ వాళ్ళు?"

"దొంగతనాలు చేసిన్రు. కొరుకుతరంట, రక్కుతరంట. మన వాడల పెండ్లికెదిగిన ఆడపిల్లలున్నరు. రేపు ఏదన్న అయితే నా మొకాన ఉమ్మేస్తరు. ఊరవతల పెట్టుకోమను."

"ఊరవతలికెల్లి వచ్చినోళ్ళనే మళ్ల ఊరవతలికి పంపుమంటవా?"

"నోరు బాగ లేస్తుందే! పో, మీ అవ్వను అడుగు, ఇస్తదేమో" అంటూ లింగమూర్తి నవ్వాడు. "అది నా మాట దాటి గడప దాటదు. దాన్ని అడుగుడు గూడ దండుగనే."

దేవవ్వ చేతిలో చాయ్ వడబోత ఆగిపోయింది. నిజం చెప్పాలంటే అప్పటిదాకా ఆమెకూ ఇల్లివ్వాలని లేదు. కొరికే పిల్లలను తెచ్చి నెత్తిన పెట్టుకోవడం ఎందుకని కూతురికి రెండుసార్లు చెప్పింది కూడా. కానీ 'అడుగుడు దండుగ' అనే మాట వినేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఇల్లు ఆమెకు తల్లి పోశవ్వ పసుపు కుంకుమ కింద పెట్టిన ఇల్లు. పుట్టింటివాళ్ళు ఆడబిడ్డకు పసుపు కుంకుమ కింద ఇచ్చినదాన్ని మెట్టినింటివాళ్ళు ముట్టుకోరు. లింగమూర్తి కూడా ఏనాడూ ముట్టుకోలేదు. ముట్టుకోనిది కనుకనే అది ఎవరిదో మరిచిపోయాడు.

గ్లాసు తెచ్చి అరుగు మీద ఠపీమని పెట్టింది. సగం చాయ్ ఒలికిపోయింది.

"ఏమయ్యా, గా ఇల్లెవ్వలది?"

"మనదే. ఎవ్వలదేంది?"

"మనది కాదు, నాది. మా అవ్వ నాకు పెట్టింది. అడుగుడు దండుగ అన్నవు గదా, అడుగకు. నేనే చెప్తున్న. బిడ్డా, రేపటిదాక ఎందుకు? ఇయ్యాల్నే రమ్మను ఆఫీసోళ్ళను."

"ఏమే, పిచ్చి లేసిందా? తీర్మానం చెప్పింది నేను. నేనే ఎట్ల తప్పుత?"

"తప్పకు. నాతోని మాటబంద్ పెట్టుకో."

పెట్టుకున్నాడు కూడా! మర్నాడు సాయంత్రం వాడలో డప్పు కొట్టించారు. కిరాణా దుకాణం సుధాకర్ కమిటీ కార్యదర్శి. అతనికో అనుమానం వచ్చింది. "అన్నా, వదినె ఉండేది నీ ఇంట్లనే గదా. ఇంటితోని మాటబంద్ అంటే నీతోని గూడ బందేనాయె" అన్నాడు. కమిటీ గంటసేపు తలలు బద్దలు కొట్టుకుని, బంద్ ఇంటికి కాదు, దేవవ్వకూ ఆ పిల్లలకూ మాత్రమే అని తేల్చింది. అంటే అధ్యక్షుడు ఇంట్లో ఉండొచ్చు, పెళ్ళాం వండింది తినొచ్చు. మాట్లాడితే మాత్రం జుర్మానా కట్టాలి. ఇంత బుద్ధిమంతుల కమిటీ జిల్లా మొత్తంలో ఉండదు.

"ఆకలైతుంది" అని లింగమూర్తి గోడతో చెప్పేవాడు. దేవవ్వ పళ్ళెం ఆయన ముందు పెట్టి, గోడ వైపే తిరిగి, "కూరల ఉప్పు తక్కువైంది. ఎందుకంటే సుధాకర్ దుకాణంల నాకు ఉప్పు అమ్ముతలేడు" అనేది. గోడ ఏమీ మాట్లాడేది కాదు. మొదట్లో ఆమెకు ఇదంతా పంతంగానే ఉంది. రానురాను లోపల మండసాగింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి పెళ్ళాం కన్నా తీర్మానం ఎక్కువైందా?

పిల్లలు వచ్చారు. మొదటిరోజు దేవవ్వ అన్నం గిన్నె తీసుకుని వెళ్ళింది. ఒక మూల దుప్పటి ముసుగేసుకుని కూర్చున్న పిల్లను లేపుదామని వంగింది. ముసుగులోంచి ఒక తల బయటికొచ్చి ఆమె ముంజేతిని కసుక్కున కొరికింది. పళ్ళు దిగబడ్డాయి.

"నీ పాడుగాను!" అని దేవవ్వ చెయ్యెత్తింది.

ఆ పిల్ల పారిపోలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, చెంప ముందుకు పెట్టింది. పదకొండేళ్ళుంటాయేమో, పేరు రోజారాణి.

"కొట్టినంక అన్నం పెడ్తవా?" అని అడిగింది.

ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో దేవవ్వకు తెలియలేదు. అక్కడే కూలబడి గిన్నె దగ్గరికి లాక్కుని ముద్దలు కలిపింది. పిల్ల తింటుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీళ్ళ వెనకే పట్టరాని కోపం వచ్చింది. ఈ కోపం మొగుడు అన్న ఒక్క మాట మీద కాదు. ఇంత చిన్నదానికి దెబ్బకూ అన్నానికీ లెక్క నేర్పినవాళ్ళ మీద, దీన్ని చూసి భయపడి తలుపులు వేసుకున్న వాడ మీద.

వాడ తన పని తాను చేసుకుపోతూనే ఉంది. పాలు పోసే ఆమె వాకిలి దాటి పోయేది. నిన్నటిదాకా వదినె అంటూ వెంట తిరిగినవాళ్ళు బోరింగు దగ్గర మొహం తిప్పుకునేవారు. దేవవ్వ ఉప్పూ పప్పూ మార్కెట్ నుంచి ఆటోలో తెచ్చుకుంది. ఒకరోజు కావ్య ఆ సంచులు చూసి ఏడ్చేసింది.

"అవ్వా, నావల్ల నీకింత పరేషాన్ అయితుంది. వేరే జాగ చూసుకుంటం."

"ఏడ? బస్టాండు కాడనా, చెర్వు అవతలనా? ఎవ్వలన్న రమ్మన్నరా?" దేవవ్వ కసిరింది. "సప్పుడు చేయక గా సంచి అందుకో."

శ్రావణంలో పోచమ్మ బోనాలు వచ్చాయి. ముందురోజు సుధాకర్ ఇంటికొచ్చి, దేవవ్వకు వినబడేలా లింగమూర్తితో అన్నాడు.

"అన్నా, వదినె బోనం ఈపారి వరుసల రావద్దు. కమిటీ మాట."

దేవవ్వ మొగుడి వైపు చూసింది. ఆయన తల వంచుకుని కండువా అంచు పీక్కుంటూ కూర్చున్నాడు. ఇంట్లో మాట్లాడకపోతే పోనీ, తన బోనం వద్దంటుంటే కూడా నోరు విప్పడా? ఆ మౌనం రోజారాణి కొరికిన దానికన్నా లోతుగా దిగింది.

మర్నాడు ఆమె పిల్లల ఇంట్లోనే బోనం వండింది. కొత్త కుండకు పసుపు రాసి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి నెత్తికెత్తుకుంది. ఒకసారి ఎత్తిన బోనాన్ని పోచమ్మ గద్దె దగ్గరే దించాలి, నడుమ కింద పెట్టకూడదు. ఇది వాడలో చంటిపిల్లకు కూడా తెలుసు.

బోనాల వరుస గల్లీ చివరికి వచ్చేసరికి దేవవ్వ దాని ముందుకొచ్చి నిలబడింది. డప్పు ఆగిపోయింది. సుధాకర్, ఇంకో నలుగురు దారికి అడ్డంగా నిలబడ్డారు. పక్కకు పొమ్మందామంటే ఆమెతో మాట్లాడినట్టవుతుంది. ఆమె కుండ దించుదామంటే తల్లికి అపచారం. ఎవరూ కదల్లేదు. మబ్బు విడిచిన ఎండ చుర్రుమంటోంది, సిమెంటు రోడ్డు కాలుతోంది. బోనమెత్తిన ఆడవాళ్ళ కాళ్ళ మీద ప్రతి వాకిట్లో నీళ్ళు పోస్తారు. ఆవేళ బిందెలు పట్టుకున్నవాళ్ళంతా దేవవ్వ కాళ్ళ వంక చూసి కళ్ళు దించుకున్నారు.

"మీ నోర్లకు జుర్మానా ఉన్నది, నా నోటికి లేదు" అంది దేవవ్వ. "జర ఇనుర్రి. పిల్లలకు అమ్మ పోస్తే యాపకొమ్మలు కట్టి గీ తల్లికే మొక్కుతరు గదా? ఫలానా పిల్లను నా కాడికి తేవద్దని పోచమ్మ ఎన్నడన్న అన్నదా? మీరేమన్నరు? ఊరవతల పెట్టుకొమ్మన్నరు. ఊరవతల ఎవ్వలుంటరు? గీ పోచమ్మనే ఉంటది. మీరు పిల్లలను ఎళ్ళగొట్టుర్రి, గాయమ్మ సాదుకుంటది. మళ్ల గాయమ్మ కాడికే పోయి మా పిల్లలను సల్లంగ సూడు తల్లీ అని మొక్కుర్రి. సిగ్గు లేదు?"

వాళ్ళు పెట్టుకున్న కట్టడి వాళ్ళ నోళ్ళకే తాళం వేసింది.

అరిచేసరికి దేవవ్వకు ఆయాసం వచ్చింది. కుండ మీద దీపం ఊగింది. అప్పుడు ఇంట్లోంచి రోజారాణి బిందె మోయలేక మోస్తూ వచ్చింది. ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోసింది. సగం తన లంగా మీదే పోసుకుంది.

"ఏయ్ దొంగపిల్లా, దూరం జరుగు!" అని సుధాకర్ అరిచాడు.

"సుధాకర్!"

డప్పుల పక్కనుంచి లింగమూర్తి ముందుకొచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. పెళ్ళాం ఎదుట నిలబడ్డాడు.

"దేవవ్వా, నడువు. నేనున్న."

వాడంతా నోరు తెరిచింది. "అన్నా, తీర్మానం..." అన్నాడు సుధాకర్.

"తీర్మానం చెప్పిన నోరే గిది. దమ్ముంటే రాసుకో జుర్మానా. ఇగ నా పెండ్లాంతోని దినాం ఎన్ని మాటలు మాట్లాడుతనో నాకే ఎర్క లేదు. మగ్గాలమ్మి కడుత. గా చిన్నపిల్ల గూడ ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోసింది. గింతమందిమి ఉండి బొమ్మల లెక్క నిలబడ్డం, థూ! కొట్టుర్రి డప్పు!"

డప్పు మోగింది. ముందు ఒక ముసలామె బిందె వంచింది, ఆ తర్వాత వాకిలి వాకిలికీ నీళ్ళు పోశారు. దేవవ్వ ఎవరి మొహమూ చూడలేదు. తల్లి దగ్గర బోనం దించేదాకా పళ్ళ బిగువున నడిచింది.

తిరిగొచ్చాక లింగమూర్తి ఆమె వెనకే పిల్లల ఇంటి గడప ఎక్కాడు. ఆ ఇంట్లో పిల్లలు చేరాక ఆయన రావడం అదే మొదలు.

"గిన్ని దినాలకు నోరు పెగిలిందా నీకు?" అంది దేవవ్వ. "నిన్న సుధాకర్ ముందట పెగలకపాయె!"

"తప్పయింది" అన్నాడాయన. అంతకన్నా ఏమనాలో తెలియక చుట్టూ చూశాడు. తలుపు చాటున తడి లంగాతో నిలబడ్డ పిల్ల కనబడింది. పెద్దమనుషులు దారిలో కనబడ్డ ఏ పిల్లనైనా అడిగినట్టే అలవాటుగా అడిగాడు.

"ఎవ్వలింటి పిల్లవు బిడ్డా?"

రోజారాణి లోపలున్న కావ్యను చూసింది, దేవవ్వను చూసింది. ఇంతకుముందు పోలీసులు అడిగినప్పుడూ ఆఫీసులో అడిగినప్పుడూ ఆ ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు.

"దేవవ్వ ఇంటి పిల్లను" అంది.

లింగమూర్తి అక్కడే గడప మీద చతికిలబడ్డాడు. కండువా మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. దేవవ్వకు కోపం ఇంకా మిగిలే ఉంది. అయినా వెళ్ళి ఆయన పక్కనే కూర్చుంది, పిల్లను ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుంది.