ఒక్కసారే చెప్తాను

"పిడుగూ, సాక్సు వేసుకో."

వంటింట్లోంచి నానమ్మ గొంతు. నాలుగున్నరేళ్ల పిడుగు బల్ల కింద కూర్చుని బట్టల క్లిప్పులతో రైలు కడుతోంది.

"పిడుగూ! సాక్సు వేసుకోమన్నాను."

రైలుకి ఇంకో పెట్టె చేరింది.

"వేసుకుంటావా, నన్ను రమ్మంటావా?"

పిడుగు చటుక్కున లేచి సాక్సు అందుకుంది. ఆ తర్వాత పాలకీ, దువ్వెనకీ, సంచీకీ ఇదే తంతు. దాన్ని బడికి పంపేసరికి నానమ్మకి తల ప్రాణం తోకకొచ్చేది. ఆవిడ ముప్ఫై ఆరేళ్లు పంతులమ్మగా, అందులో పద్నాలుగేళ్లు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. స్కూలు వదిలేశారు గానీ గొంతు మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు.

కోడలు, అంటే పిడుగు వాళ్లమ్మ, డ్రిల్లు టీచరు. హెడ్మిస్ట్రెస్ గారింట డ్రిల్లు టీచరు కోడలంటే మజాకా కాదు. "మీకేమమ్మా, ఈల ఊదితే పాఠం అయిపోయినట్టే," అని అత్తగారు నవ్వుతూనే అనేవారు. కోడలూ నవ్వి ఊరుకునేది.

ఆ రోజు నవ్వు రాలేదు. పిడుగు డైరీలో క్లాసు టీచరు రాసి పంపింది: "ఒకసారి చెబితే వినదు. అందరూ చేశాక కదులుతుంది. రెండు వారాల్లో మళ్లీ చూస్తాము. ఇలాగే ఉంటే వచ్చే ఏడు కూడా ఇదే తరగతిలో ఉంచాల్సి వస్తుంది."

పిడుగు స్నేహితులంతా పైకి వెళ్లిపోతారు. అదొక్కతే ఆ చిన్న కుర్చీల్లోనే మిగిలిపోతుంది. కోడలు డైరీ తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

"రెండు వారాలూ నాకు వదిలేయ్ అమ్మాయ్," అన్నారు అత్తగారు. "రోజూ గంటసేపు చేతులు కట్టించి కూర్చోబెడతాను. ఎందుకు వినదో చూస్తా!"

"వద్దత్తయ్యా. నేను ఆడిస్తాను."

"ఆడిస్తావా? ఆటలెక్కువయ్యే కదా ఈ రాత!"

"ఆటలో ఆగడానికైనా వినాలి కదండీ. చేతులు కట్టుకున్న పిల్ల వింటోందో, పగటికల కంటోందో మనకేం తెలుస్తుంది? కదిలిస్తే ఇట్టే తెలిసిపోతుంది."

ఆ సాయంత్రమే కుర్చీలు గోడవారకి చేరాయి. కోడలు ఖాళీ బిస్కెట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని గరిటె పట్టింది. డబ్బా మోగినంతసేపూ నడవాలి. ఆగిందా, ఉన్నవాళ్లు ఉన్నట్టే బిగుసుకుపోవాలి. మెల్లగా మోగితే తాబేలు, గబగబా మోగితే కుందేలు. పిడుగు మొదట్లో చప్పుడు ఆగాక కూడా నాలుగడుగులు వేసేది. మూడో రోజుకి ఒంటికాలి మీద ఊపిరి బిగబట్టి నిలబడింది. తర్వాత మాటల ఆట. "ఒక్కసారే చెప్తాను. చప్పట్లు కొట్టాక కదలాలి. రెండు గంతులు, ఒక చుట్టు, తలుపు తాకాలి." మొదట్లో సగం మర్చిపోయి దిక్కులు చూసింది. అమ్మ మళ్లీ చెప్పలేదు. ఆట అక్కడితో ఆపి కొత్తది మొదలుపెట్టింది. ఎనిమిదో రోజుకి నాలుగు పనులు చెప్పినా పొల్లు పోకుండా చేస్తోంది.

నానమ్మ మాత్రం లోపల ఉడికిపోతూనే ఉన్నారు. ఆదివారం పిడుగు కుందేలై గెంతి, పూలకుండీని తన్ని పడేసింది. అంతే.

"ఇది ఇల్లా, సర్కస్ డేరానా? ఇల్లు పీకి పందిరేస్తోంటే తల్లివై ఉండి డప్పు కొడతావా? నా మాట చెవికెక్కితేగా ఈ ఇంట్లో ఎవరికైనా! పిల్ల ఏడాది పాడైతే నీదే బాధ్యత!"

తన కళ్లజోళ్ల షాపుకి బయల్దేరుతున్న కొడుకు గుమ్మంలోనే ఆగిపోయి, "అమ్మా, అదీ..." అని నీళ్లు నమిలాడు.

"నాదే బాధ్యత. సరే," అంది కోడలు. "అత్తయ్యా, ఈసారి మీరే చెప్పండి. ఏదైనా సరే. ఒక్కసారే."

"ఓస్, అంతేనా? పిడుగూ, మూడడుగులు ముందుకేసి కూర్చో."

పిడుగు కదల్లేదు. నానమ్మ మొహంలోకి చూస్తూ నిలబడింది.

"చూశావా! పిడుగూ, మూడడుగులు వేసి కూర్చోమన్నాను. ఏమే, వేస్తావా, నన్ను రమ్మంటావా?"

పిడుగు లెక్కగా మూడడుగులు వేసి బుద్ధిగా కూర్చుంది.

కోడలు దాని పక్కన చతికిలబడింది. "నానమ్మ మొదట చెప్పింది వినపడలేదా అమ్మా?"

"వినపడింది."

"మరి కదల్లేదేం?"

"నానమ్మ ఇంకా చెప్తుందిగా," అంది పిడుగు, ఇది కూడా తెలియదా అన్నట్టు. "లాస్టుది గట్టిగా చెప్తుంది. అప్పుడు చెయ్యాలి."

కొడుకు ఫక్కున నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయాడు. ఆవిడ చిన్నబుచ్చుకుని గదిలోకి వెళ్లిపోయారు. కోడలు కాసేపాగి మంచినీళ్ల గ్లాసుతో వెళ్లింది.

"మిమ్మల్ని నొప్పించాలని కాదత్తయ్యా."

"నొప్పి కాదే. ఇన్నేళ్లూ పిల్లలు నా మాట విన్నారనుకున్నాను. నా అరుపు కోసం కాచుక్కూర్చున్నారన్నమాట." గ్లాసు అందుకున్నారు గానీ తాగలేదు. "ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు. చేస్తాను."

"చెప్పింది మళ్లీ చెప్పకండి. అంతే."

అంతే అన్నది చెప్పినంత సులువేం కాదు. మర్నాడు సాక్సు గురించి ఒకసారి చెప్పి ఊరుకునేసరికి ఆవిడకి నాలుక దురద పుట్టింది. పిడుగు కాచుకుంది, కాచుకుంది, బడి బస్సు కాస్తా వెళ్లిపోయింది. సాక్సు లేకుండానే తండ్రి స్కూటరు మీద వెళ్లింది. మూడో రోజు మాట పూర్తవ్వకముందే రైలు వదిలి లేచింది.

రెండు వారాలయ్యాయి. అత్తాకోడళ్లిద్దరూ తరగతి కిటికీ బయట నిలబడ్డారు. లోపల టీచరు మామూలు గొంతుతో అంది: "బొమ్మలు బుట్టలో వేసి, నీళ్ల సీసా తీసుకుని, తలుపు దగ్గర నిలబడండి."

పిడుగు కదల్లేదు. నానమ్మ పెదవులు కదిలాయి. కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని నోరు బిగించేశారు. రెండు క్షణాలు గడిచాయి. పిడుగు చేతిలోని బొమ్మని బుట్టలో వేసింది. సీసా తీసుకుంది. ఎవరి వంకా చూడకుండా నడిచి, అందరికంటే ముందు తలుపు దగ్గర నిలబడింది.

టీచరు కిటికీ వైపు చూసి నవ్వుతూ తలూపింది. "పై తరగతి పుస్తకాలు కొనుక్కోండి!"

కోడలు ఎగిరి గంతేసినంత పని చేసింది. అత్తగారు మాత్రం వరండా బల్ల మీద కూలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నారు.

"అదేంటత్తయ్యా, గెలిచాం కదా!"

"మా స్కూల్లో డ్రిల్లు పీరియడ్లన్నీ కోసేసి లెక్కలకిచ్చింది నేనేనమ్మా. పద్నాలుగేళ్లు. డ్రిల్లు టీచరు నా గదికొచ్చి రెండు చేతులూ జోడించి బతిమాలింది. ఒక్కసారైనా ఆవిడ మాట పూర్తిగా విన్లేదు నేను."

కోడలు పక్కన కూర్చుని ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది. అత్తగారు ఆ చేతిని తీసుకుని తన చెంపకి ఆనించుకున్నారు.

"ఆవిడ ఇప్పుడెక్కడుందో కనుక్కోవాలి," అన్నారు. "నువ్వూ రా నాతో."