బాలనాగమ్మకు చదవని మాటలు

ఈ ముచ్చట నేను చెప్తున్న, మా పక్కింటి నవనీత రాస్తుంది. నేనే ఎందుకు రాస్తలేనో ఆఖర్ల చెప్త. జర ఓపిక పట్టుండ్రి.

నా పేరు హెప్సిబా. మాది మానవపాడు దిక్కు ఒక చిన్న ఊరు. హాస్టల్ల ఉండి పది దాక చదివిన, ఇంగ్లీషుల ఫెయిలైన, ఇంటికొచ్చి కూసున్న. ఇది రెండువేల మూడుల సంగతి. మా వాడల సగం మంది పుణె దిక్కు పైపుల కాలువలు తవ్వనీకి పోతుండె. ఫోనంటే సర్పంచి ఇంట్ల ఒకటి ఉండె, అది సావు కబుర్లకే. మిగతా అన్నిటికి ఉత్తరాలే. మిట్టమధ్యాహ్నం పోస్టు యేసయ్య సైకిలు మీద వచ్చి నీలం ఇన్లాండు కవరు ఇచ్చిపోతే, చదివి పెట్టమని నన్ను పిలిచేటోళ్లు.

మా దిక్కు ఉత్తరం ఒక్కళ్లకు రాదు, ఇంటికి వస్తది. మీద ఎవ్వరి పేరున్నా సరే. వాకిట్ల అందరు కూసుంటరు. అత్త ముందు, కోడలు వెనక. చదివేటోళ్లు నలుగురు వినేటట్టు గట్టిగ చదవాలె.

మా ఎదురింట్ల వెంకటమ్మ, ఆమె కోడలు బాలనాగమ్మ ఉంటుండ్రి. కొడుకు చెన్నయ్య పుణెల. రాత్రిబడిల నేర్చుకున్న అక్షరాలతోని సొంతంగ రాస్తుండె. అన్ని వంకర టింకర గీతలు. మొదటి ఉత్తరం నాకు ఇప్పటికీ నోటికొస్తది. "అమ్మకు దండాలు. నేను మంచిగున్న. ఈడ వానలు మస్తు. మేక ఈనిందా?" గంతవరకు గట్టిగనే చదివిన. దాని కింద గిట్లుంది: "బాలా, అన్నం ముందల కూసుంటె నీ చేతి పచ్చిపులుసు వాసన వస్తది. నీ పాత రవిక తలకింద పెట్టుకొని పంటున్న. ఎవడన్న చూస్తె నవ్వుతడు. నవ్వనీ."

ఆగిపోయిన. నాకప్పుడు పద్దెనిమిదేండ్లు. ముందల వెంకటమ్మ పొగాకు నములుకుంట నా మొకమే చూస్తుంది. ఆ మాటలు ఆమె ముందల ఎట్ల చదవాలె?

గుంజ వెనకనుంచి బాలనాగమ్మ మెల్లగ అడిగింది, "ఇంకేం రాసిండు?"

"అంతే అక్కా. ఇంకేం లేదు."

ఆమె తల ఒంచుకొని గోటితోని నేల గీకుతుండె. బర్... బర్... అని. అది ఆమె అలవాటు.

మొదట సిగ్గుతోని విడిచిపెట్టిన, అబద్ధమెందుకు. తర్వాత సిగ్గు గాదు. జవాబు రాయాలె గద, ఉత్తరం నా కాడ ఉండనీ అని ఇంటికి తెచ్చుకున్న. ట్రంకు పెట్టెల బైబిలు కింద దాచిన. ఒక్కదాన్నే ఉన్నప్పుడు తీసి చదువుకునేదాన్ని. బాలా అని ఉన్నకాడ నా పేరు పెట్టుకొని చదివిన. నాకు గట్ల ఎవ్వరు రాయలే. మీరు ఉమ్మేస్తరు, తెలుసు. ఉమ్మేయుండ్రి.

ఏడు ఉత్తరాలు వచ్చినయ్. ఏడిట్ల గూడ అమ్మ సంగతి, వాన సంగతి, మేక సంగతి చదివిన. ఏడుసార్లు ఆమె "ఇంకేం రాసిండు?" అన్నది. ఏడుసార్లు "అంతే అక్కా" అన్న.

ఏడో దాంట్ల గిట్లుండె: "బాలా, ఉగాది ముందు శనివారం పెబ్బేరు సంతకు రా. ఎడ్లు కట్టే దిక్కు నిలబడు. నిన్ను నాతోని తోల్కపోత. అమ్మకు చెప్పకు, పంపియ్యదు." ఇది ఎట్లన్న ఆమె చెవిల వెయ్యాలె అనుకున్న. బాయి కాడ రెండుసార్లు ఎదురుపడ్డది. ఒక్కతే ఉండె. నోరు తెరిచిన, మూసుకున్న. ఈ ఒక్కటి చెప్తే మిగతా ఆరు గూడ అడుగుతది గద. ఆ శనివారం పొద్దుగూకే దాక మా ఇంట్లనే కూసున్న. ఎదురింట్ల ఆమె జొన్నలు చెరుగుతుంది.

మూడు వారాలకు సర్పంచి ఇంటికి ఫోన్ వచ్చింది. కాలువ గోడ కూలి చెన్నయ్య మీద పడ్డదంట. ఆడనే మన్ను చేసిండ్రు. దినాలు అయినంక బాలనాగమ్మ మా ఇంటికొచ్చింది. వెంకటమ్మ లేదు, వాకిట్ల ఎవ్వరు లేరు. "హెప్సీ, ఎన్నడన్న నన్ను అడిగిండా? ఒక్క మాట?" అన్నది.

అప్పుడన్న చెప్పాలె. "లేదక్కా" అన్న.

"గట్లనా" అన్నది, లేసిపోయింది. తెల్లారి ఊరవతలి బాయిల తేలింది. అందరు ఏడ్చిండ్రు. నాకు ఏడుపు రాలే.

నెల తర్వాత, మంచి ఎండలకాలం. మిట్టమధ్యాహ్నం. అవ్వ, అంటే మా అమ్మ, కూలికి పోయింది. వాడల మనిషి అలికిడి లేదు. ఉత్తరాలు కాలవెడదామని పెట్టె తీసిన. అగ్గిపెట్టె చేతిల ఉంది. అప్పుడొచ్చింది వాసన. బాయిల నాచు వాసన. గంత ఎండల, ఇంట్ల... తడి వాసన.

జొన్నల గుమ్మి వెనక చీకటిగుంటది. ఆ మూలకెల్లి సప్పుడు.

బర్... బర్...

ఎలుక అనుకున్న. ఎలుకనే అనుకున్న.

"ఇంకేం రాసిండు?"

ఉరకలే. భయం గూడ కాలే, నిజం చెప్తున్న. ఎప్పటికన్న వస్తదని నా పానానికి ముందే తెలుసేమో. గుమ్మి కిందికెల్లి సన్నగ నీళ్లు పారి నా కాళ్ల దాక వచ్చినయ్. సల్లగ... ఐసు లెక్క.

మొదటి ఉత్తరం ఇప్పి చదివిన. పచ్చిపులుసు చదివిన. రవిక కాడ నాలుక మడతబడ్డది, అలవాటు గద, ఒక లైను దాటి పోయిన.

"విడిచినవు."

ఆమెకు చదువు రాదు. ఎట్ల తెలిసింది...

మల్ల మొదటికెల్లి చదివిన. ఒకటి, రెండు, మూడు. చేతిల కాయితాలు తడిసి బరువెక్కుతున్నయ్. గోరు ఆగుతలేదు. బర్... బర్... ఏడోది అందుకున్న. పెబ్బేరు సంత. ఎడ్లు కట్టే దిక్కు. నిన్ను నాతోని తోల్కపోత.

గోరు ఆగింది.

"ఏ శనివారం?"

"అయిపోయింది అక్కా... ఎప్పుడో అయిపోయింది..."

ఏడుస్తది అనుకున్న. మీద పడ్తది అనుకున్న. ఏం చెయ్యలే.

"మల్ల చదువు."

చదివిన. మల్ల. మల్ల. ఎన్నిసార్లో తెల్వదు. వాకిట్ల ఎండ గడప దాటింది. "హెప్సీ, తలుపెందుకు ఏసుకున్నవే?" అని అవ్వ పిలిచేదాక చదువుతనే ఉన్న. తలుపు నేను ఏసుకోలే.

గుమ్మి వెనక ఎవ్వరు లేరు. కానీ నేల నిండ గోటితోని గీకిన అక్షరాలున్నయ్. అవ్వ అవి చూసి, "ఏం రాసినవే నేలంత?" అన్నది. వంగి చూసిన. అక్షరాలే. అక్షరాలని తెలుస్తుంది. ఏ ఒక్కటి ఏందో తెల్వలే. చేతిల ఉత్తరం చూసిన. నీలం కాయితం మీద చీమలు పారినట్టుంది, గంతే. బైబిలు తెరిచిన. అది గూడ గంతే.

అందుకే నవనీత రాస్తుంది.

వానలు పడ్డంక ఒకదినం యేసయ్య వచ్చి నీలం కవరు ఇచ్చిండు. "నీ పేరు మీదనే బిడ్డా" అన్నడు. రాత వంకర టింకరగ ఉంది. ఆ వంకర నాకు చదువు రాకున్నా తెలుసు. "కండ్లల్ల దుమ్ము పడ్డది పెద్దనాయినా, నువ్వే చదువు" అన్న. పద్ధతి ప్రకారం వాకిట్ల అవ్వ ముందల కూసుంది, నేను వెనక.

యేసయ్య గట్టిగనే మొదలువెట్టిండు. "హెప్సిబాకు చెన్నయ్య రాసేది ఏమంటే, మేమిద్దరం ఈడ మంచిగున్నం. నువ్వు చదివినయన్ని బాల చెప్పింది..." ఆగిండు. పెదవులు కదుల్తున్నయ్, సప్పుడు లేదు. కవరు మడిచిండు.

"ఇంకేం రాసిండు?" అన్న.

"అంతే బిడ్డా. ఇంకేం లేదు." నా దిక్కు చూడలే.

ఇంక మూడు లైన్లు ఉండె. చదువ రాకున్నా లెక్కవెట్టనీకి వస్తది గద. ఆ దినం సంది యేసయ్య మా గల్లీకి మల్ల రాలే.

ఇందాక ఆ ఉత్తరం నవనీత చేతికిచ్చిన. చూసింది. "అంతే అక్కా" అన్నది. అప్పటి సంది తల ఎత్తకుంట రాస్తుంది. నేను చెప్పింది చెప్పినట్టే రాస్తుందో, ఏమన్న విడిచిపెడ్తుందో నాకెట్ల తెలుస్తది?

ఆ మూడు లైన్లల్ల నన్ను ఏ వారం రమ్మన్నడో నాకు ఎరికే. రేపు ఏం వారమే అని అడిగిన. శనివారం అంటుంది.