పేరు చదివావా?

సలతిగ ఊళ్ళో కాఫీ రైతుల సంఘం ఆఫీసు అయిదింటికే ఖాళీ అయిపోయింది. వాన పడేలోపు ఇల్లు చేరాలని ఎవరి తొందర వాళ్ళది. వెనింగ్‌కి మాత్రం ఏ తొందరా లేదు. ఇంటికెళ్తే మాత్రం పలకరించే దిక్కెవరు?

"ఇంకా ఆ కంప్యూటర్ పెట్టెలతోనే కాపురమా తల్లీ?" గేటు కావలి గియోనో గుమ్మంలోంచి అరిచాడు.

"ఏం చెయ్యను బాబాయ్, నన్ను వదలవే అవి!"

"మగ్రిబ్ నమాజు వేళమ్మా, పొద్దుగూకింది. ఒంటరిగా ఉండకూడదు." నవ్వుతూనే అన్నాడు గానీ, ఆమె పక్కనున్న ఖాళీ కుర్చీ వంక చూడలేదు.

ఆ కుర్చీ ముందు గ్లాసుడు కాఫీ పెట్టి ఉంది. గురువారం సాయంత్రం కదా, ఆ ఊరి ఆచారం ప్రకారం పోయినవాళ్ళకి ఇష్టమైనది పెట్టాలి. ఆ కుర్చీలో కూర్చుని తనతో పనిచేసిన బగ్యోకి చక్కెర లేని కాఫీ అంటే ప్రాణం.

సంఘం కంప్యూటర్లన్నీ వెనింగ్, బగ్యో ఇద్దరే చూసుకునేవాళ్ళు. యంత్రాలకి ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలని రోజూ ఒకటే పోట్లాట. "సర్వర్‌కి ఫ్రీబీఎస్‌డీని మించింది లేదు పో! రాయిలా పడుంటుంది," అనేవాడు బగ్యో. "నీకు తప్ప ఇంకెవరికొచ్చన్నా అది? డెబియనైతే వీధికొకడు దొరుకుతాడు," అనేది వెనింగ్. గుమస్తాల బల్లల మీద మింట్ ఉండాలన్న ఒక్క మాట మీద మాత్రం ఇద్దరికీ కుదిరింది. అది చూడగానే వాడుకోవడం వచ్చేస్తుంది, గుమస్తాలు ఫోన్లు చేసి ప్రాణం తియ్యరు.

ఒకరోజు బగ్యో గుండె ఆగిపోయింది. ఆయన సర్వర్ మాత్రం ఆగలేదు. దాని పేరు మెర్బాబు, ఎదురుగా కనిపించే కొండ పేరే. ప్రతి యంత్రానికీ ఒక పేరు పెట్టడం, దాని కరెంటు తీగకి ఆ పేరు రాసి చీటీ అతికించడం ఆయన పద్ధతి. ఒకే తెర మీంచి అన్ని యంత్రాలూ నడపాలి మరి, తెర మీద యంత్రానికో కిటికీ, దాని మీద యంత్రం పేరు; కిటికీ మారిందంటే కొంప మునిగినట్టే. అందుకే, "ఎంటర్ కొట్టేముందు పేరు చదివావా?" అని చెవినిల్లు కట్టుకుని పోరేవాడు.

మేనేజరమ్మ తేల్చి చెప్పేసింది. పొద్దున్నకల్లా తెలోమొయో అనే రెండో యంత్రం మీద డెబియన్ ఎక్కాలి, రైతుల లెక్కలన్నీ అందులోకి చేరాలి, మెర్బాబు పాతసామాన్లోకి పోవాలి. వాదనలో వెనింగే గెలిచింది. గెలిచి ఎవరితో చెప్పుకోవాలి? ఏడుపొచ్చింది.

తెర మీద రెండు నల్ల కిటికీలు తెరిచింది, యంత్రానికొకటి. తెలోమొయో డిస్కు తుడిచెయ్యమని టైపు చేసింది. బయట వాన అందుకుంది. సర్వర్లున్న అద్దాల గదిలోంచి ఫ్యాన్ల రొద. కాఫీ వాసన... ఎప్పుడో చల్లారాల్సిన కాఫీ, ఇప్పుడే కాచినట్టు.

వేలు ఎంటర్ మీదికి వెళ్ళింది.

తెర మీద దానంతటదే ఒక వరస పడింది.

"పేరు చదివావా?"

తను టైపు చేసిన కిటికీ మీద పేరు చదివింది. మెర్బాబు! అయ్యో దేవుడా, రైతుల లెక్కలన్నీ ఉన్న డిస్కు! చెయ్యి చటుక్కున లాక్కుంది. ఒళ్ళంతా చెమట. అప్పుడు చూసింది పంపినవాడి పేరు... బగ్యో. ఆ ఖాతాని ఆయన్ని పూడ్చిన మర్నాడే తన చేత్తో తీసేసింది.

భయం వేసింది. కానీ భయం కంటే ముందు సంతోషం కలిగింది.

"అన్నా?" అని టైపు చేసింది. ఎదురుచూసి ఎదురుచూసి మళ్ళీ పనిలో పడింది.

ఒకటికి రెండుసార్లు పేరు చదువుకుంటూ పని ముగించింది. డెబియన్ ఎక్కింది, లెక్కలు చేరాయి, సరిచూసుకుంది. లేచి అద్దాల గదిలోకి వెళ్ళింది.

"ఇక నువ్వు కూడా పడుకో అన్నా..." అని గొణిగి, మెర్బాబు వెనక తీగ పీకేసింది. దాని ఫ్యాన్లు మెల్లగా ఆగాయి.

అద్దంలోంచి తన తెర కనబడుతోంది. ఆగిపోయిన మెర్బాబు కిటికీలో అక్షరాలు.

"చీకటిగా ఉంది వెనింగ్."

తర్వాత ఇంకో వరస.

"పేరు చదివే పీకావా?"

తీగ ఇంకా చేతిలోనే ఉంది. చీటీని వెలుతురు వైపు తిప్పింది. బగ్యో చేతిరాతే. మెర్బాబు అని లేదు. వెనింగ్ అని ఉంది.

"లోపల ఎవరైనా ఉన్నారా?" గుమ్మంలోంచి గియోనో గొంతు.

"ఉన్నాను బాబాయ్! నేను, వెనింగ్‌ని!" గొంతు చించుకుని అరిచింది.

గియోనో టార్చి వేసి ఆమె నిలబడ్డ చోటంతా చూశాడు, అక్కడెవరూ లేనట్టే. దీపాలార్పి, తలుపుకి తాళం వేసుకుని వెళ్ళిపోయాడు.