కిరీటం ఉన్న రాయి

"తేజూ, ధాన్యం ఎత్తేశాం గదా. ఆ రాళ్లు కూడా తీసి గట్టు మీద పెట్టవే!"

నాయనమ్మ జ్ఞానమ్మ అలా కేకేసి, బస్తాల బండెక్కి వెళ్లిపోయింది.

చుండూరు చివర కాలవ పక్క రోడ్డు మీద సగం మేర వాళ్లు ధాన్యం ఆరబోస్తున్నారు. బళ్లు తొక్కకుండా చుట్టూ పదహారు రాళ్లు పెట్టారు. చదరంగంలో ఒక వైపు పావులు కూడా పదహారే. అందుకే తేజస్వి ఆ రాళ్లకు పేర్లు పెట్టింది. అన్నిటికన్నా పెద్దది రాజు. దానికి బొగ్గుతో కిరీటం కూడా గీసింది.

మర్నాడే బాపట్లలో చెస్ పోటీ. పదింటికి పేర్లు పిలుస్తారు. అప్పటికి లేనివాళ్లకు ఆట లేదు. ఇంకా బోలెడు ప్రాక్టీసు ఉంది.

'రేపు మళ్లీ ఇక్కడే గదా ఆరబోసేది! తియ్యడమెందుకు, పెట్టడమెందుకు?' అనుకుని తేజస్వి ఇంటికి ఒకటే పరుగు.

పొద్దున్నే తెనాలి నుంచి మధుబాబు బాబాయి కారు తీసుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కాలో మెరిసిపోతున్నాడు. వచ్చినవాడు ఊరుకుంటాడా! కారు చుట్టూ తిరిగి టైర్లు చూశాడు. గాడుల్లో ఇరుక్కున్న గులకరాళ్లను స్క్రూడ్రైవర్‌తో ఏరాడు. డిక్కీ తెరిచి స్టెప్నీ కూడా నొక్కి చూశాడు.

"టైర్లకి టిఫిన్ కూడా పెట్టు బాబాయ్! ఆలస్యమైపోతోంది," అంది తేజస్వి.

"పెట్టానమ్మా. పెట్రోలు బంకులో కడుపునిండా గాలి!"

ఊరు దాటేసరికి మంచు దట్టంగా ఉంది. ఎదురుగా బస్సొచ్చింది. బాబాయి కారు పక్కకు తీశాడు.

ధన్! కారు ఎగిరిపడింది. వెంటనే బుస్సుమని చప్పుడు.

ఇద్దరూ దిగారు. ముందు టైరు పక్కన బెత్తెడు మేర చీలిపోయింది.

"ఇది అతుకు పడేది కాదు," అన్నాడు బాబాయి నీరసంగా. "ఎవరో ధాన్యం ఎత్తుకుని రాళ్లు వదిలేసి పోయారు. బుద్ధుండక్కర్లా?"

టైరు పక్కనే రాయి. దాని మీద కిరీటం. తేజస్వి గీసిందే.

తను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కాసేపు మూసుకుంది కూడా. బాబాయి ఆ ఇస్త్రీ చొక్కాతోనే బురదలో మోకాళ్ల మీద కూర్చుని జాకీ పెడుతుంటే మాత్రం చూడలేకపోయింది. భలే సిగ్గేసింది.

"బాబాయ్, ఆ రాళ్లు వదిలేసింది నేనే."

"ఏంటి?"

"నాయనమ్మ తియ్యమంది. నేనే తియ్యలేదు." కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

బాబాయి జాకీ తిప్పడం ఆపి తలెత్తాడు. "నాకు కోపమొచ్చింది. అది తర్వాత చూసుకుందాం. ముందు ఈ నట్లు పట్టుకో. ఒక్కటి పోయినా కదల్లేం!"

తేజస్వి నట్లన్నీ గుప్పిట్లో బిగించి పట్టుకుంది. స్టెప్నీలో గాలి నిండుగా ఉంది. కారు కదిలింది.

బాపట్ల చేరేసరికి పదికి నాలుగు నిమిషాలు తక్కువ.

"కోపం పోయిందా బాబాయ్?" అని దిగబోతూ అడిగింది తేజస్వి.

"దారిలో పొన్నూరులోనే పోయింది. పరుగెత్తు!"

రెండు ఆటలు గెలిచింది, మూడోది ఓడింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి నాయనమ్మ ఆఖరి బస్తా మూతి కడుతోంది.

"రాళ్లు నేను తీస్తా నాయనమ్మా!" తేజస్వి కారు దిగుతూనే అరిచింది.

"ఎవరూ చెప్పకుండానే? అమ్మో, ఇవాళ వాన పడుద్దేమో! బస్తాల మీద పట్టా కప్పండర్రా!"

రాజును మొయ్యడానికి బాబాయి చెయ్యి అందించబోతే తేజస్వి ఒప్పుకోలేదు. పదహారూ గట్టు మీద చేరాయి. కొంచెం అవతల ఇంకెవరివో మూడు ఇటుకలు కనిపించాయి. వాటినీ తీసింది.

చేతులు దులుపుకుంటుంటే పాలక్యాన్లతో ఒకాయన బండి మీద కూనిరాగం తీసుకుంటూ వెళ్లిపోయాడు. అక్కడ రాళ్లుండేవని ఆయనకేం తెలుసు! ఆ బండి మలుపు తిరిగేదాకా తేజస్వి నవ్వుతూ చూస్తూనే ఉంది.