కట్టుడు పన్ను

ఆ ఇంట్లో పొద్దుటి మాటలు కూతురి మీదుగా నడిచేవి. పిన్ని టీ వడకట్టి గ్లాసు గట్టు మీద పెట్టి, "మీ నాన్నకి చెప్పు, చల్లారిపోతోందని" అంటుంది. ఆ నాన్న గుమ్మం అవతలే కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఆ మాట ఆయనకి వినబడుతూనే ఉంటుంది. అయినా కూతురు వెళ్ళి చెప్పాలి. ఆయన ఒక గుక్క తాగి, "మీ పిన్నికి చెప్పు, చక్కెర మరీ దండిగా ఉందని" అంటాడు. కూతురు వెనక్కి తిరిగేలోపే వంటింట్లోంచి జవాబు వస్తుంది: రేపట్నుంచి ఆయన్నే కలుపుకోమను.

కొత్తవాళ్ళు చూస్తే ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. కూతురికి మాత్రం నవ్వు రావడం ఎప్పుడో మానేసింది. పిన్ని భర్త, చిన్నాన్న, పోయేనాటికి ఆమె బడికి వెళ్ళే పిల్ల. ఆ తరవాత కొన్నాళ్ళకే తల్లి కూడా పోయింది. అప్పట్నుంచి పిన్నే జడ వేసింది, జ్వరం వస్తే పక్కన పడుకుంది, బడిలో మార్కులు తగ్గితే తిట్టింది. పిల్ల కోసమే పిన్ని ఆ ఇంట్లో ఉండిపోయింది. బావగారితో మాత్రం మాట్లాడలేదు. ఎందుకని ఒకసారి అడిగితే, "మాట్లాడాల్సింది ఒక్కటే ఉంది, అది ఆయన వినరు" అంది.

ఇప్పుడు కూతురు ఒక ల్యాబులో పళ్ళు కడుతుంది. పళ్ళ డాక్టర్లు పంపే అచ్చుల్ని బట్టి పంటి తొడుగులు, పళ్ళ సెట్లు తయారుచేస్తుంది. ల్యాబు వేరే ఊరికి మారుతోంది. ఆమె అక్కడ ఒక ఫ్లాటు తీసుకుంది. ముగ్గురూ వెళ్ళాలి. అక్కడ రెండు గదులున్నాయి, లిఫ్టుంది, నీళ్ళున్నాయి. షెడ్డు లేదు. అందుకని బండి వెళ్ళిపోవాలి.

బండి ఇంటి వెనక షెడ్డులో స్టాండ్ల మీద ఉంది. ఇద్దరు కూర్చునే పందెం కారు. ఆ రకం బళ్ళు తయారైనవే చాలా తక్కువ. మిగిలినవాటిని చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దీన్ని మొదట కొన్నది ఒక పెంకుల ఫ్యాక్టరీ యజమాని. వాడుకలో లేని విమానాశ్రయంలో జరిగిన పందెంలో గెలిచాడు, తరవాత కొండ దారి పందెంలోనూ గెలిచాడు. మూడోసారి గోడకి రాసుకుని మధ్యలోనే తప్పుకున్నాడు. చిన్న దెబ్బేనని చెప్పి ఒక కంటి డాక్టరుకి అమ్మాడు. డాక్టరు దాన్ని ఆదివారాలు తుడుచుకోవడానికే తప్ప నడపడానికి వాడలేదు. ఆయన దగ్గర్నుంచి ఈ ఇంటి అన్నదమ్ములు, తండ్రీ చిన్నాన్నా, కొన్నారు, ఇద్దరి పేరు మీదా. అన్న మెకానిక్. తమ్ముడు నడిపేవాడు.

తమ్ముడు మొదటి ఏడే గెలిచాడు. మలుపుల దగ్గర బ్రేకు ఆలస్యంగా వేసేవాడని జనం అతనికి 'ఆగడు' అని పేరు పెట్టారు. ముద్దుపేరే. మరో రెండేళ్ళు పందేలు గెలుస్తూనే ఉన్నాడు. ఆ తరవాత దిగుడు దారిలో ఒక ఎడమ మలుపు దగ్గర బండి తిరగకుండా నేరుగా వెళ్ళి రాళ్ళ మీద పడింది. 'ఆగడు ఇక ఆగాడు' అని మర్నాడు పేపర్లో వేశారు. ఆ రోజు నుంచి ముద్దుపేరు తీర్పైపోయింది.

అన్న ఆ బండిని ఇంటికి తెచ్చుకున్నాడు. నొక్కుకుపోయిన రేకులు తనే సుత్తితో సరిచేశాడు. రంగు వేశాడు. నెలకోసారి ఇంజన్ తిప్పేవాడు. స్టీరింగ్ మీద మాత్రం ఒక గుడ్డ కప్పి ఉంచాడు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. చిన్నాన్న చేతులు చివరిసారి ఉన్నది అక్కడే కాబట్టి అలా ఉంచాడని కూతురు అనుకునేది.

బండి చూడటానికి కార్ల మ్యూజియం నుంచి ఒక మనిషి వచ్చాడు. నెమ్మదస్థుడు. చెప్పులు షెడ్డు బయట విడవబోతే, అక్కర్లేదు, లోపలంతా నూనేనని తండ్రి చెప్పాడు. అతను బండి కింద వెల్లకిలా పడుకుని టార్చిలైటు వేసి చాలాసేపు చూశాడు. బయటికి వచ్చాక చెయ్యి తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

స్టీరింగ్ బాక్సుకి ఫ్యాక్టరీ సీలు అలాగే ఉందని అన్నాడు. ఆ రోజుల్లో ఆ కంపెనీ పందెం బళ్ళ స్టీరింగ్ బాక్సులు తనే బిగించి, బోల్టుల్లోంచి తీగ పోనిచ్చి, చివర సీసపు బిళ్ళ నొక్కేది. తర్వాత ఎవరో ఒకరు విప్పేవాళ్ళు, బిళ్ళ పోయేది. బిళ్ళతో ఉన్న బండిని అతను చూడటం ఇదే మొదలు. ఆ బిళ్ళ ఉంది కాబట్టి మ్యూజియంలో దీన్ని అద్దాల గదిలో పెడతామని అన్నాడు.

తండ్రి మొహం వెలిగింది. తను ఈ బండికి అన్నీ చేశానని, ఆ బిళ్ళ జోలికి మాత్రం పోలేదని చెప్పాడు. అన్నదమ్ములు బండి కొన్న రోజున పెట్టుకున్న నియమం అది. "సీలు తీస్తే అది ఇక ఆ బండి కాదు" అన్నాడు.

మ్యూజియం మనిషి బండి పక్కన పెట్టబోయే బోర్డు కోసం రాసుకొచ్చింది చదివి వినిపించాడు. పెంకుల ఫ్యాక్టరీ యజమాని, కంటి డాక్టరు, అన్నదమ్ములు, గెలిచిన పందేలు. పిన్ని టీ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చేసరికి అతను చివరి వాక్యం దగ్గర ఉన్నాడు: దిగుడు మలుపు దగ్గర వేగం అదుపు చేసుకోలేక చోదకుడు మరణించాడు.

పిన్ని పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"మీ నాన్నకి చెప్పు. నేను సంతకం పెట్టను."

బండిలో సగం చిన్నాన్నది. ఆమె సంతకం లేకుండా అది కదలదు. తండ్రి, ఎందుకట అని కూతురిని అడిగాడు. వాక్యం నచ్చకపోతే ఇంకోలా రాస్తానని మ్యూజియం మనిషి అన్నాడు. కూతురికి ఓపిక పోయింది. వచ్చే నెల ఇల్లు ఖాళీ చేయాలని, సామాన్లు సగం కట్టేశామని, ఇన్నేళ్ళు లేనిది ఇవాళ ఈ గొడవేమిటని గొంతు పెంచింది.

"నువ్వు కాస్త పక్కకి జరుగు తల్లీ" అంది పిన్ని. "మా ఇద్దరి మధ్యా నిన్ను నిలబెట్టి తప్పు చేశాం. బావగారూ."

కూతురు అలవాటుగా తండ్రి వైపు తిరగబోయి ఆగిపోయింది. ఈసారి మోయాల్సిన మాటేమీ లేదు.

"ఆ స్టీరింగ్ మీరు ఒక్కసారన్నా తిప్పారా?"

ఆయన గుడ్డ కప్పిన స్టీరింగ్ వైపు చూశాడు.

"రేకులు సరిచేశారు. రంగేశారు. లైటు గాజు కోసం ఎక్కడెక్కడికో తిరిగారు. అది మాత్రం ఎందుకు తిప్పలేదు?"

"తిప్పాల్సిన పని లేక."

"పని లేని పనులు దానికి చాలానే చేశారు."

ఆ ఆఖరి పందేనికి ముందు అన్నం దగ్గర జరిగింది ఆమె చెప్పింది. తను వడ్డిస్తోంది. ఎడమకి తిప్పుతుంటే చేతికి ఏదో తగులుతోందని, ఒకసారి బాక్సు విప్పి చూద్దామని ఆయన తమ్ముడు అడిగాడు. సీలున్న బాక్సులో తగిలేదేమీ ఉండదని, తగిలితే అది నీ చెయ్యేనని అన్న అన్నాడు. తమ్ముడు నవ్వేసి, పెరుగు వెయ్యమన్నాడు.

"అన్నం తింటూ అడిగాడు మిమ్మల్ని. మీరు తల కూడా ఎత్తలేదు."

భర్త పోయాక ఒకసారి తను కూడా అడిగిందని, అప్పుడూ ఇదే జవాబు వచ్చిందని చెప్పింది. ఆ తరవాత అడగడానికి ఆమె దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

"ఇప్పుడు విప్పండి. లోపల అన్నీ బాగుంటే ఆ వాక్యం అలాగే ఉండనివ్వండి. మా ఆయన ఆగలేక పోయాడనే నేనూ ఒప్పుకుంటాను. సంతకం పెడతాను."

మ్యూజియం మనిషి ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. వాళ్ళ ఇంటి విషయంలో తను కలగజేసుకోకూడదని, కానీ సీలు తెగితే మ్యూజియం ఈ బండిని తీసుకోదని, ఆ సంగతి ముందే చెప్పడం తన ధర్మమని అన్నాడు. అద్దాల గదిలో పెడతామన్నది ఆ బిళ్ళ కోసమే.

తండ్రి స్టూలు మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు వాటినే చూశాడు. ఆ బండి తప్ప ఆయన చేతులకి ఇన్నేళ్ళూ వేరే పని లేదు. కూతురు ఏదో అనబోతే పిన్ని చేత్తోనే ఆపింది.

ఆయన లేచాడు. బండిలోకి వంగి, స్టీరింగ్ మీది గుడ్డ తీసి మడతపెట్టి సీటు మీద ఉంచాడు. చక్రాలు నేలకి ఆనడం లేదు కాబట్టి స్టీరింగ్ తేలిగ్గానే తిరిగింది. కుడికి తిప్పాడు. శబ్దం లేదు. ఎడమకి తిప్పాడు. మధ్య దాటాక లోపల ఏదో టక్కుమంది, స్టీరింగ్ పట్టేసింది, ఒక్క క్షణం తరవాత వదిలేసింది. అందరికీ వినిపించింది. ఆయన మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అక్కడే.

గోడకి వేలాడుతున్న కటింగ్ ప్లయరు తనే వెళ్ళి తీసుకున్నాడు. ఒకసారి ఆలోచించుకోమని మ్యూజియం మనిషి అన్నాడు.

"ఆలోచించాల్సిన రోజు ఆలోచించలేదు" అని ఆయన తీగ తెంచాడు.

బోల్టులు కదలడానికి కష్టపడ్డాయి. మూత వస్తూనే నల్లటి నూనె రేకు మీదికి కారింది. ఆయన గుడ్డతో లోపల తుడిచాడు గానీ ఆ దూరంలో ఆయనకి చూపు ఆనదు. లైటు పట్టుకొమ్మని కూతురిని పిలిచాడు. ఆమె ఒంగి చూసింది. పళ్ళ చక్రం మీద పళ్ళన్నీ ఉక్కు రంగులో ఉన్నాయి. ఒక్కటి పసుపు రంగు. అది సగానికి విరిగిపోయి ఉంది. విరిగిన ముక్క అడుగున నూనెలో దొరికింది. ఆమె దాన్ని వేళ్ళ మధ్య పెట్టుకుని తిప్పి చూసింది. రోజూ చేసే పనే.

"నాన్నా, ఇది కట్టుడు పన్ను."

అసలు పన్ను ఎప్పుడో విరిగితే, ఇత్తడి కరిగించి పోసి, ఆకురాయితో ఆకారం తెచ్చారు. మ్యూజియం మనిషి సీసపు బిళ్ళని అరచేతిలో పెట్టుకుని, భూతద్దంతో చూసి, తల అడ్డంగా ఊపాడు. అక్షరాలు అచ్చుతో నొక్కినవి కావు, చేత్తో చెక్కినవి. అది ఫ్యాక్టరీ సీలు కాదు. మొదటి యజమాని మూడో పందెంలో గోడకి తగిలినప్పుడే పన్ను పోయి ఉంటుందని, అతుకు వేయించి, దెబ్బ చిన్నదేనని నమ్మించడానికి కొత్త బిళ్ళ వేయించి ఉంటాడని అతను చెప్పాడు. సీలు చూసి కంటి డాక్టరు విప్పలేదు. సీలు చూసి అన్నదమ్ములు విప్పలేదు. ఇందాక బండి కింద పడుకుని చూసిన తను కూడా దాన్ని నమ్మాడు.

తండ్రి నేల మీద మోకాళ్ళపై ఉన్నాడు. లేవలేదు. భుజాలు కదులుతున్నాయి. కూతురు పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది.

"వాడు చెప్పాడమ్మా" అన్నాడు చివరికి పిన్నితోనే, ఆమె వైపు చూడకుండా. "వాడి చేతికి తెలిసింది. నాకు తెలియదనుకున్నావేమో. ఇన్నేళ్ళూ నేను అది తిప్పలేదంటే, తెలిసే."

పిన్ని చెంగుతో మొహం తుడుచుకుంది.

బండిని మ్యూజియం తీసుకోదు. మ్యూజియం మనిషి ఆ మాట మళ్ళీ చెప్పలేదు. పాత బళ్ళు బాగుచేసే ఒకాయన ఉన్నాడని, ఆయనకి చెప్పి పంపిస్తానని అన్నాడు. కాకపోతే ఈ రకం బళ్ళ చరిత్ర రాసే పుస్తకంలో దీని గురించి తను రాయాల్సే ఉంటుందని, ప్రమాదానికి కారణం ఏమని రాయమంటారని అడిగాడు.

తండ్రి తల ఎత్తాడు. "తమ్ముడు చెప్పాడు, అన్న విప్పలేదు. అలాగే రాయండి. అన్న మెకానిక్ అని కూడా రాయండి."

అతను రాయడం మొదలుపెట్టాడు.

"అది కొట్టేయండి" అంది పిన్ని. కలం ఆగింది. "స్టీరింగ్ పన్ను విరిగిందని రాయండి. నడిపినాయన తప్పు లేదని రాయండి. అక్కడితో ఆపండి."

"మరి నా తప్పో?" అన్నాడు తండ్రి.

"అది ఊళ్ళోవాళ్ళకి ఎందుకు? ఇంట్లోది, ఇంట్లోనే ఉంటుంది."

ఆయన కళ్ళు మూసుకుని తల ఊపాడు. మ్యూజియం మనిషి కాగితాలు సర్దుకుని చప్పుడు లేకుండా బయటికి నడిచాడు. తండ్రి ఏడుపు ఆగడానికి చాలాసేపు పట్టింది. పిన్ని ఆయన దగ్గరికి రాలేదు, షెడ్డు వదిలి వెళ్ళనూ లేదు. అంతసేపూ అక్కడే నిలబడింది.